సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లకి ముద్ర పడుతుందా?

పిల్లకి వినికిడి తక్కువనో, కాలు సరిగా లేదనో సర్టిఫికెట్ తీసుకోమంటే మన ఇళ్ళలో ముందు వచ్చే మాట ఒకటే. "ఆడపిల్ల! కాగితం మీద ముద్ర పడితే రేపు పెళ్ళెలా అవుతుంది?" ప్రేమకొద్దీ అనే మాటే అది. కానీ కాగితం లేనంత మాత్రాన లోపం దాగుతుందా? పెళ్ళివారికి ఎలాగూ నిజం చెప్పాల్సిందే. ఈలోగా పిల్లకి రావలసినవి రాకుండా పోతాయి.

మా వీధిలో ఒక వదినగారి అమ్మాయికి చేతివేళ్ళు సరిగా తిరగవు. బాగా చదువుతుంది, రాయడమే ఆలస్యం. నాయనమ్మ మొదట ససేమిరా అంది. చివరికి సర్టిఫికెట్ తీసుకున్నారు. పదో తరగతి పరీక్షలో అదనపు సమయం ఇచ్చారు. తెలిసిన జవాబులన్నీ రాసి వచ్చానని పిల్ల ఎంత మురిసిపోయిందో!

1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో 21 ఉన్నాయి. ఆటిజం, తలసీమియా, చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది కూడా వాటిలో ఉన్నాయి. 40 శాతం, ఆపైన ఉందని డాక్టర్లు రాసిస్తే 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువుకునే హక్కుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ప్రభుత్వ కాలేజీల్లో పైచదువులకు 5 శాతం సీట్లు కేటాయిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో అర్హులైన దివ్యాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలైంది.

ఇక ఎలా చేయాలంటారా? యు.డి.ఐ.డి. కార్డు కోసం స్వావలంబన్ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టాలి. మనకి చేతకాకపోతే ఇంట్లో కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టండి. తర్వాత ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేస్తారు. ఆధార్, ఫోటోలు, పాత రిపోర్టులు, వాటి జిరాక్సులు ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఎంతసేపు పడుతుందో ఏమో, పెరుగన్నం, మంచినీళ్ళ సీసా కూడా సంచిలో వేసుకోండి.

శాతం తక్కువ వేశారనిపిస్తే ఊరుకోకండి. అప్పీలు చేసుకునే హక్కు ఆ చట్టంలోనే ఉంది. కొన్ని సర్టిఫికెట్లకి గడువుంటుంది, ఆ తేదీని క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకా వద్దంటున్నారా? మధ్యాహ్నం తీరిగ్గా కూర్చోబెట్టి ఈ పేజీ చదివి వినిపించండి.