అటార్నీ జనరల్ ఎవరి ప్లీడరు?

భావనపాడు ఒడ్డున పడవలు పైకి లాగేసి వలలు ఆరేస్తున్న వేళ మేము నలుగురం మిత్రులం అక్కడి వాళ్ళతో కూర్చున్నాం. మాట ముందు పోర్టు మీదికి వెళ్ళింది. భావనపాడు పోర్టు అని మొదలై 2023లో మూలపేట పోర్టు అన్న పేరుతో శంకుస్థాపన జరుపుకున్నది అదే. అక్కణ్ణుంచి కాకరాపల్లి థర్మల్ మీదికి, 2011 ఫిబ్రవరి 28న పేలిన పోలీసు తుపాకుల మీదికి, ఆ తర్వాత కోర్టుల మీదికి వచ్చింది. అంతదాకా నోరు విప్పని ఒక పెద్దాయన అప్పుడడిగాడు.

"టెక్కలి కోర్టుల గవర్నమెంటుకి పీడరున్నాడు. హైకోర్టుల ఉన్నాడు. ఢిల్లీ పెద్దకోర్టుల కూడా ఉంటాడు గదా, ఆయన్నేటంటారు బావూ?"

మాలో లా చదువుతున్న కుర్రాడు టక్కున "అటార్నీ జనరల్" అన్నాడు.

"మరాయన మన పీడరా? ఆళ్ళ పీడరా?"

కుర్రాడు మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, మేమూ మాట్లాడలేదు.

రాజ్యాంగం ఏమంటుందో చూద్దాం. 76వ అధికరణం ప్రకారం అటార్నీ జనరల్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. సుప్రీంకోర్టు జడ్జి కాగల అర్హత ఉండాలి. పదవికి గడువు లేదు, రాష్ట్రపతి ఇష్టమున్నంత కాలం ఉంటారు. రాష్ట్రపతి ఇష్టమంటే కేబినెట్ ఇష్టమని ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం అడిగిన న్యాయ విషయాల మీద సలహా ఇవ్వడం, కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించడం ఆయన పని. దేశంలో ఏ కోర్టులోనైనా వాదించవచ్చు. 88వ అధికరణం ప్రకారం ఓటు లేకపోయినా పార్లమెంటు ఉభయ సభల్లోనూ లేచి మాట్లాడవచ్చు. సొలిసిటర్ జనరల్‌కు రాజ్యాంగంలో చోటే లేదు, అటార్నీ జనరల్‌కు ఉంది. అమెరికాలో అటార్నీ జనరల్ అంటే న్యాయశాఖను నడిపే మనిషి, మంత్రితో సమానం. మన దగ్గర మంత్రి కాదు. మంత్రి కాని మనిషికి సభలో మాట్లాడే హక్కు ఎందుకిచ్చారు? పార్టీ గొంతు కాక చట్టం గొంతు ఒకటి సభలో వినబడాలని కాదా?

ఆ గొంతు ఎంత దూరం పలకగలదో మొదటి అటార్నీ జనరల్ ఎం.సి. సెతల్వాడ్ చూపించారు. 1950 నుంచి 1963 దాకా 13 ఏళ్ళు ఆ కుర్చీలో ఉన్నారు. ముంద్రా షేర్ల కుంభకోణం మీద ఛాగ్లా కమిషన్ విచారణ జరిగినప్పుడు, కింది అధికారి మీదికి నెట్టేసి మంత్రి తప్పించుకోలేడని నిలబడి చెప్పారు. 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి దిగిపోయారు. తనను నియమించిన ప్రభుత్వంలోని మంత్రే!

అదే కుర్చీలో 1976లో నిరేన్ డే ఉన్నారు. ఎమర్జెన్సీ కాలం. పోలీసు అధికారి సొంత కక్షతో ఒక మనిషిని చంపేస్తే కోర్టుకు వెళ్ళే దారి ఉందా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం తన వాదన ప్రకారం లేదని జవాబిచ్చారు. అయిదుగురిలో నలుగురు జడ్జీలు ఆ వాదన వైపే మొగ్గారు. శ్రీకాకుళం వాళ్ళం ఆ జవాబును పుస్తకాల్లో చదివి ఆశ్చర్యపోలేదు. 1969 డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 'ఎన్‌కౌంటర్' అన్న మాట కింద పోయిన జిల్లా ఇది. ఆ వాదన ఎమర్జెన్సీ రాకముందే ఇక్కడ అమలయింది.

కోర్టులో అన్నమాట కనీసం నలుగురి చెవినా పడుతుంది, తీర్పులో అచ్చవుతుంది. మమ్మల్ని భయపెట్టేది అది కాదు. గదిలో కూర్చుని కాగితం మీద రాసిచ్చే సలహా. దాన్ని ఎవరూ చూడరు. అది మన కొండల మీదికి ఎలా వచ్చిందో చెప్పాలి.

ఉత్తరాంధ్ర ఏజెన్సీలో గిరిజనుల భూమికి కాపలా 1/70 చట్టం. అది ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు, శ్రీకాకుళ గిరిజన పోరాటం వెనక ఉంటేనే 1970లో వచ్చింది. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి వైపు భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకిస్తే 'సమత' సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి పైకి వెళ్ళిన జస్టిస్ కె. రామస్వామి ఆ మెజారిటీ తీర్పు రాశారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి ఇవ్వకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, సర్కారు భూమైనా సరే ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడానికి వీల్లేదు అన్నారు. కొండమీద సంబరం, ఢిల్లీలో కలవరం. తీర్పును సడలించమని కేంద్రమూ రాష్ట్రమూ మళ్ళీ కోర్టుకెక్కాయి, 2000లో అక్కడా చుక్కెదురైంది.

అప్పుడు వేరే దారి వెతికారు. 2000 జూలైలో కేంద్ర గనుల శాఖ ఒక రహస్య నోట్ తయారుచేసింది. తీర్పు మారకపోతే రాజ్యాంగం అయిదో షెడ్యూల్‌నే మారుద్దాం అన్నది దాని సారం. వ్యవసాయం కాని పనులకు భూమి ఇస్తే నిషేధం వర్తించదని ఒక వివరణ చేర్చితే చాలునట! ఆ నోట్ ఆధారంగా చూపించుకున్నది అటార్నీ జనరల్ సలహాను. అప్పుడు ఆ పదవిలో ఉన్నది సోలీ సొరాబ్జీ. పత్రికా స్వేచ్ఛ కోసం, పౌరహక్కుల కోసం కోర్టుల్లో నిలబడ్డ పెద్దమనిషిగా పేరున్నవారు. మనిషి చెడ్డవాడని మేము అనడం లేదు. ఎంత మంచి మనిషైనా ఆ గదిలోకి వెళ్ళాక ఎదురుగా కూర్చునే కక్షిదారు గనుల శాఖే తప్ప అనంతగిరి గిరిజనుడు కాడు.

ఇందులో ఇంకో సంగతుంది, ఉద్యమంలో తిరిగినవాళ్ళం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది. అయిదో షెడ్యూల్‌ను మార్చడానికి మూడింట రెండొంతుల మెజారిటీ అక్కర్లేదు. మామూలు మెజారిటీతో పార్లమెంటు సవరించవచ్చు, దాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించరు. రాష్ట్రం ఏర్పాటుకూ అంతే. 3వ అధికరణం కింద చేసిన చట్టాన్ని 4వ అధికరణం రాజ్యాంగ సవరణ కాదంటుంది. సభలో పెద్ద అడ్డుగోడ లేని చోట, ఆ పని చట్టానికి నిలుస్తుందా నిలవదా అన్న ఒక్క న్యాయసలహాయే గోడ. గిరిజనుడి భూమి, కొత్త రాష్ట్రం రెండూ ఆ గోడ దగ్గరే ఆగాలి లేదా దాటాలి.

2013లో ఏం జరిగిందో మరిచిపోలేదు కదా. తెలంగాణ ఏర్పాటుకు 371డి అడ్డమని ఒకరు, కాదని ఇంకొకరు. ఉద్యోగులు, విద్యార్థులు ఎవరి భయాలు వాళ్ళు పెట్టుకుని ఢిల్లీ వైపు చూశారు. అటార్నీ జనరల్ ఇలా అన్నారట, అలా అన్నారట అని రోజుకో వార్త. 'అట'ల మీదే రెండు ప్రాంతాల జనం నెలల తరబడి బతికారు. చివరికి 2014 పునర్విభజన చట్టంలోనే 371డిని సవరించి రెండు రాష్ట్రాలకూ వర్తింపజేశారు. అంత సూటిగా తేలే విషయాన్ని ముందే కాగితం మీద పెట్టి చూపించి ఉంటే ఎంత రచ్చ తప్పేది! హైదరాబాద్‌లో శాంతిభద్రతలు గవర్నర్‌కు అప్పగించే 8వ సెక్షన్‌కు రాజ్యాంగ సవరణ కావాలని రాజ్యసభలో అరుణ్ జైట్లీ లేవనెత్తారు. 88వ అధికరణం ఉన్నది సరిగ్గా అలాంటి రోజు కోసమే.

సలహాలను చూపించమంటే ప్రభుత్వం చెప్పే జవాబు ఒకటే: ప్లీడరుకూ కక్షిదారుకూ మధ్య మాట రహస్యం. 2015లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య బెంచి అటార్నీ జనరల్ కార్యాలయం సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందంది. 2017లో ద్విసభ్య బెంచి ఆ తీర్పును కొట్టేసింది. సరే, కక్షిదారు రహస్యం కక్షిదారు సొత్తే. కక్షిదారు ఎవరు? ఫీజు ఎవరి పన్నుల్లోంచి పోతోంది?

ప్రపంచం మునిగిపోతుందా అంటే, బ్రిటన్ మునగలేదు. ఇరాక్ యుద్ధం చట్టబద్ధమేనా అని 2003లో అక్కడి అటార్నీ జనరల్ లార్డ్ గోల్డ్‌స్మిత్ రాసిచ్చిన సలహా లీకయ్యాక 2005లో ప్రభుత్వమే అచ్చు వేయాల్సి వచ్చింది. 2018లో బ్రెగ్జిట్ మీద సలహాను దాచినందుకు ప్రభుత్వం సభాధిక్కారానికి పాల్పడిందని పార్లమెంటు తీర్మానించింది. మర్నాడే పూర్తి పాఠం బయటికొచ్చింది.

మేము అడిగేది పెద్దదేం కాదు. నడుస్తున్న కేసుల వాదనలు వద్దు, దేశరక్షణ ఫైళ్ళు వద్దు. రాష్ట్రాల సరిహద్దులు, షెడ్యూల్డు ప్రాంతాల భూములు, రాజ్యాంగాన్ని మార్చే ప్రతిపాదనలు, ఈ మూడింటి మీద ప్రభుత్వం నిర్ణయం తీసేసుకున్నాక ఆ న్యాయసలహాను సభ ముందు పెట్టాలి. సందేహమొస్తే అటార్నీ జనరల్‌ను సభకు పిలిచి అడగాలి.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, అనకాపల్లి, అరకు. ఈ ప్రాంతం నుంచి ఢిల్లీకి అయిదుగురు ఎంపీలు వెళ్తున్నారు. ఒక్క ప్రశ్న వెయ్యడానికి ఖర్చేమీ కాదు. 2000 నాటి ఆ గనుల శాఖ నోట్ వెనక ఉన్న సలహా పూర్తి పాఠం సభ ముందు పెట్టమని అడగమనండి. పాతికేళ్ళు దాటింది, ఇంకా ఎవరి రహస్యం అది? జవాబు ఏమొచ్చినా మేము భావనపాడు తీసుకెళ్ళి ఆ పెద్దాయనకు చదివి వినిపిస్తాం.