ఐఆర్‌ఎస్‌కి ఒక జీతం, బ్యాంకుకి ఒక జీతం

మొన్న శనివారం ఒక మిత్రుడింట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం, పులిహోర, గుత్తివంకాయ అన్నీ అయ్యాక ఆడవాళ్ళు హాల్లోనూ, మగవాళ్ళం గరాజ్‌లోనూ చేరాం. ఈ డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు నలుగురు గరాజ్‌లో చేరితే మాట్లాడుకునేవి మూడే విషయాలు: వీసా, సినిమా, ఇల్లు. ఆ రోజు వంతు ఇంటిది. కొత్తగా ఇంటి లోనుకి అప్లై చేసిన ఒకాయన బ్యాంకువాణ్ణి ఏకిపారేస్తున్నారు.

"రెండేళ్ళ ట్యాక్స్ రిటర్నులన్నాడు, ఇచ్చాను. రెండు నెలల స్టేట్‌మెంట్లన్నాడు, ఇచ్చాను. ఆఖరి పేజీ ఖాళీగా ఉంది కదాని పంపకపోతే, ఆ ఖాళీ పేజీ కూడా కావాలన్నాడు! ఇన్నీ ఇచ్చాక నీ సంపాదన సరిపోదన్నాడు. ఏడాదికి లక్షన్నర డాలర్లు బిల్లింగు చేసేవాణ్ణి పట్టుకుని!"

గరాజంతా అయ్యో అంది. నేను మాత్రం ఊరుకోకుండా "మీ షెడ్యూల్ సిలో 31వ గడిలో ఎంతుందండీ?" అని అడిగాను. ఆయన మొహం అదోలా పెట్టారు. ఆ తర్వాత ఇంటికెళ్ళేదాకా నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. "నీకెందుకొచ్చిన గొడవ?" అని కార్లో మా ఆవిడ తలంటింది. అక్కడ మింగేసిన మాటలు ఇక్కడ కక్కేస్తున్నా, భరించండి.

జీతగాళ్ళకి ఈ గడితో పని లేదు. వాళ్ళకి డబ్ల్యూ-2 ఉంటుంది, నెల రోజుల పే స్టబ్బులిస్తే పనైపోతుంది. మాలాగా 1099 మీదో, సొంత ఎల్‌ఎల్‌సీ పెట్టుకునో కన్సల్టింగు చేసేవాళ్ళు వచ్చిందంతా షెడ్యూల్ సిలో రాసి, ఖర్చులు తీసేసి, మిగిలిన లాభం 31వ గడిలో చూపిస్తారు. పన్ను దాని మీదే. మామూలు ఇన్‌కమ్ ట్యాక్సు కాక 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయిమెంట్ ట్యాక్సు కూడా ఉంది కాబట్టి, ఆ గడిని చిన్నది చెయ్యడమే మన సీపీఏ గొప్పతనం. ఎంత చిన్నది చేస్తే అంత మంచి సీపీఏ. "మావాడు భలే చేస్తాడండీ" అని నంబరిచ్చి పుణ్యం కట్టుకుంటాం కూడా.

బ్యాంకు కూడా ఆ గడే చూస్తుంది. తరుగుదల, ఇంట్లో ఆఫీసు గది లాంటివి మళ్ళీ కలుపుతుంది. రెండేళ్ళ సగటు తీసి పన్నెండుతో భాగిస్తుంది. అంతే. బిల్లింగు ఎంతన్నది దానికక్కర్లేదు.

నేనేదో సత్యహరిశ్చంద్రుణ్ణి అనుకునేరు, నేనూ ఆ తానులో ముక్కనే. 2019లో మేం ఇల్లు కొందామనుకున్నప్పుడు అంతకుముందు ఏడాది నా బిల్లింగు 1,46,000. 31వ గడిలో 68,000. మధ్యలో ఉన్నదంతా ఏమైందంటారా? 17 వేల మైళ్ళు బిజినెస్ కోసమే కారు నడిపానని రాశాను. 2018లో మైలుకి 54.5 సెంట్లు. క్లయింటు ఆఫీసు మా ఇంటికి పదకొండు మైళ్ళు, అందులోనూ వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. పోనీ అది ఒక్కటేనా అంటే, కుటుంబంతో హైదరాబాదు వెళ్ళొచ్చిన టిక్కెట్లున్నాయి. అక్కడ పాత కొలీగుతో ఒక పూట ఇరానీ చాయ్ తాగాను కాబట్టి అది బిజినెస్ ట్రిప్పు.

లోన్ ఆఫీసరు పెద్దావిడ, చాలా మర్యాదస్తురాలు. నా రిటర్ను నా ముందే పెట్టి, "ఇందులో ఉన్నవన్నీ నిజమే కదా?" అనడిగింది. నిజమంటే లోను రాదు. కాదంటే ఐఆర్‌ఎస్‌కి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నట్టు. "నిజమే" అన్నాను. మేం చూసుకున్న ఇల్లు ఇంకెవరో కొనుక్కున్నారు.

అప్పుడు నేనూ గరాజ్ పెద్దమనిషిలాగే బ్యాంకుని తిట్టాను. కానీ బ్యాంకు చేసిన తప్పేంటి? నేను సంతకం పెట్టి చెప్పిన మాట నమ్మింది. నా జీవితంలో నన్ను అంత గట్టిగా నమ్మినవాళ్ళు లేరు.

మనకిది ఇక్కడికొచ్చాక అంటిన జబ్బు కూడా కాదు. తెనాలి పక్కన మా ఊళ్ళో పదెకరాల మాగాణీ, ట్రాక్టరూ ఉన్నాయనకి తెల్ల రేషన్ కార్డుండేది. కాలేజీ ఫీజు రాయితీ కోసం మండలాఫీసు నుంచి ఆదాయ సర్టిఫికెట్ తెచ్చుకునేటప్పుడు నిజం అంకె వేయించుకున్నవాణ్ణి నేను చూడలేదు. లేమి చూపించే కాగితాలతో పెరిగిన వాళ్ళం, కలిమి చూపించమనేసరికి తడబడుతున్నాం.

అదే ఏడాది మా నాన్నగారు డౌన్ పేమెంటుకి సాయం చేస్తానని తెనాలి దగ్గర స్థలం అమ్మారు. బ్యాంకువాళ్ళు గిఫ్ట్ లెటర్ కావాలన్నారు. "ఈ డబ్బు తిరిగి అడగను" అని దాత సంతకం పెట్టాలి. ఫోన్లో చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. "కొడుక్కిచ్చిన డబ్బు అడగనని నేను కాగితం రాయాలట్రా?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ ఒక్క చోట బ్యాంకు మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆయన మాత్రం సంతకం పెట్టారు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. స్థలం అమ్మింది 22 లక్షలకి, దస్తావేజులో రాసింది 9 లక్షలకి. బ్యాంకు ద్వారా అమెరికాకి పంపగలిగింది ఆ తొమ్మిదే. మిగతా పదమూడూ బీరువాలో కట్టలుగా ఉండి నాకెందుకూ పనికిరాలేదు. ఇద్దరమూ ఒకే పని చేశాం, ఆయన తెనాలిలో, నేను టెక్సాస్‌లో.

కాగితాలే అడక్కపోతే బాగుండునని గరాజ్‌లో ఒకరన్నారు. అడగని రోజులూ నేను చూశాను. 2005లో ఒక లెండరు దగ్గర లోన్ అప్లికేషన్ స్క్రీన్లు రాసే ప్రాజెక్టులో ఉండేవాణ్ణి. ఆదాయం గడిలో అంకె వేస్తే దానికి ఆధారం జతచేసేదాకా కోడు ముందుకి పోనిచ్చేది కాదు. ఆ తనిఖీ తీసెయ్యమని ఒక రోజు రిక్వైర్‌మెంటు వచ్చింది. స్టేటెడ్ ఇన్‌కమ్, అంటే నోటితో చెప్పిందే ఆదాయం. నాలుగు లైన్లు కామెంటు చేసి, టెస్టు చేసి, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోయాను. మూడేళ్ళు తిరక్కుండా 2008 వచ్చింది. ఇళ్ళ ముందు ఫోర్‌క్లోజర్ బోర్డులు చూసినప్పుడల్లా ఆ నాలుగు లైన్లు గుర్తొచ్చేవి. 2010లో డాడ్-ఫ్రాంక్ చట్టం చేశారు. అప్పిచ్చేవాడు తీర్చగలడో లేదో ఆధారాలతో చూసి మరీ ఇవ్వాలన్న నిబంధన 2014 జనవరి 10 నుంచి అమల్లోకొచ్చింది. మనం తిట్టే కాగితాల కట్టలో చాలా భాగం నా నాలుగు లైన్లకి ప్రాయశ్చిత్తం.

బ్యాంకుకి వేరే రిటర్ను తయారుచేసి ఇస్తే సరి అని చెవిలో చెప్పే మహానుభావులూ ఉన్నారు. మనం సంతకం పెట్టే 4506-సి ఫారంతో బ్యాంకు నేరుగా ఐఆర్‌ఎస్ నుంచే మన లెక్క తెప్పించుకుంటుంది (నా రోజుల్లో అది 4506-టి). లోను కోసం అబద్ధం చెబితే ఫెడరల్ చట్టంలో ముప్ఫై ఏళ్ళ దాకా జైలు రాసిపెట్టి ఉంది. స్టేట్‌మెంట్లు చూసి ఇచ్చే లోన్లున్నాయి, అవి నిజాయితీ దారే. కానీ వడ్డీ ఎక్కువ. ఎగ్గొట్టిన పన్ను అలా తిరిగి కడతామన్నమాట.

తిట్టాల్సినవి లేకపోలేదు. సొంతంగా మొదలుపెట్టి రెండేళ్ళు నిండనివాడు నిజాయితీగా పన్ను కట్టినా చాలాచోట్ల పక్కన నిలబడాల్సిందే. గ్రీన్ కార్డు లేనివాళ్ళకి 2025 మే 25 నుంచి ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు ఆపేశారు, డబ్ల్యూ-2లు ఎన్ని ఉన్నా సరే. వాటి మీద తిడితే నేనూ గొంతు కలుపుతాను. కానీ ఆ రోజు గరాజ్‌లో వాటి ఊసెత్తినవాళ్ళు లేరు.

నిన్న రాత్రి ఆ పెద్దమనిషే ఫోన్ చేశారు. ముందు అదీ ఇదీ మాట్లాడి, "ఒకవేళ కారూ, ఇండియా ట్రిప్పులూ తీసేసి రిటర్ను మళ్ళీ వేస్తే ఎంత కట్టాల్సొస్తుందంటారు?" అన్నారు. అంకెలు చెప్పారు, ఉజ్జాయింపుగా లెక్కేసి చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"వచ్చే ఏడు చూద్దాం లెండి" అని పెట్టేశారు.