వేడుక ఖర్చు – వ్యాపారపు లెక్క

గుర్రమును పెంచుట ఒకరికి వేడుక, మరియొకరికి వృత్తి. దాణా ఖర్చు మాత్రము ఇద్దరికిని ఒక్కటియే. పన్ను అధికారి యెదుట వివాదము పుట్టునది ఇచ్చటనే. వేడుక ఖర్చును వ్యాపార వ్యయముగా చూపి పన్ను తగ్గించుకొనుటను మేము సమర్థింపజాలము. అట్లని ఇష్టపడి చేయు పనినెల్ల వేడుక యనుటయు మాకు సమ్మతము కాదు.

వ్యయము పూర్తిగా వ్యాపారము కొరకే కావలెననియు, సొంత ఖర్చు కారాదనియు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము 37వ సెక్షనులో విధించినది. 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన కొత్త చట్టమునను ఈ నియమము నిలిచియున్నది. పందెపు గుర్రముల పోషణలో వచ్చిన నష్టమును వేరొక ఆదాయమునుండి తీసివేయరాదని పాత చట్టము ప్రత్యేకముగా కట్టడి చేసినది. మలక్‌పేట పందెములెరిగిన వారికి దీని అవసరమును వివరింపనక్కరలేదు.

కేంద్ర న్యాయశాఖ మంత్రిగా పనిచేసిన శాంతిభూషణ్ గారు తమ గుండె శస్త్రచికిత్స ఖర్చును వృత్తి వ్యయముగా అనుమతింపుమని వాదించిరి. న్యాయవాదికి గుండె యంత్రసామగ్రి వంటిదట, చికిత్స దాని మరమ్మతట! గుండె ఏ వృత్తిలోనున్న మనుజునికైనను కావలసినదేయని 2011లో ఢిల్లీ హైకోర్టు త్రోసిపుచ్చినది. వాదములోని చమత్కారమును మేమును మెచ్చుకొందుము, తీర్పును అంతకంటె మెచ్చుకొందుము.

అమెరికా చట్టమున 5 ఏండ్లలో 3 ఏండ్లు లాభము వచ్చినచో ఆ పనిని వ్యాపారముగా భావింతురు. గుర్రముల విషయమున 7 ఏండ్లలో 2 ఏండ్లు చాలును. అంత లాభము రానివాడు లెక్కలు సరిగా వ్రాసెనా, తెలిసినవారి సలహా పొందెనా, నష్టము కలిగినప్పుడు పద్ధతి మార్చెనా యని విచారింతురు. పనిలో ఆనందము కలిగినంత మాత్రమున అది వ్యాపారము కాకపోదని కూడ అచ్చటి నిబంధనలు చెప్పుచున్నవి. ఇది మాకు మిక్కిలి నచ్చిన మాట. తన కలమును ప్రేమింపని కాతిబు చేతిలో ఉర్దూ అక్షరము అందగించునా? అతడు కొనిన సిరా, కాగితము ముమ్మాటికిని వృత్తి వ్యయమే.

కాని సంపన్న వర్తకుడొకడు తన విహారములను ‘ప్రచారము’ పద్దులో వ్రాయించినచో ఆ లోటు ఎవరు పూడ్చవలెను? జీతము చేతికందకముందే పన్ను కోతపడు గుమాస్తాకు, అందరికిని సమానముగా ఇచ్చు మినహాయింపు తప్ప, తన సితారు ఖర్చును చూపుకొను దారియే లేదు.

ఆ పద్దులు వ్రాయువారు రేపు మన కామర్సు విద్యార్థులే. ఇట్టి తీర్పులను కొన్నింటిని తెప్పించి, తెలుగు, ఉర్దూ సారాంశములతో గ్రంథాలయమున ఉంచవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుచున్నాము.