వలస లెక్కలో ఊరి కూలి ఎక్కడ?

వ్యవసాయంలో జనం ఎక్కువయ్యారు, వాళ్లను నగరాలకు మళ్లించాలి అని పాలకులూ వారి సలహాదారులూ ఏళ్ల తరబడి పాడుతున్నారు. ఫ్యాక్టరీలు వస్తే అన్నీ సర్దుకుంటాయట. ఈ మాట వాళ్లు చదివిన అర్థశాస్త్రంలోనే నిలబడదు.

1964లో కెన్యాలో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ఒప్పందం చేసుకున్నాయి. జీతాల పెంపు అడగకపోతే కొత్త ఉద్యోగాలిస్తామన్నారు. ఆ కబురు విని పల్లెల జనం పట్టణాలకు కదిలారు. నిరుద్యోగం తీరలేదు. హారిస్, తొడారో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1970లో దీనికి లెక్క కట్టారు. వలసపోయే మనిషి నగరంలో కూలి ఎంతని మాత్రమే చూడడు, ఆ పని దొరికే అవకాశం ఎంతో కూడా చూస్తాడన్నది దాని సారం.

మన అంకెలతోనే చూద్దాం. ఊళ్లో రోజు కూలి 300, నగరంలో 600 అనుకుందాం. నగరంలో పనులు 100, అడ్డా మీద మనుషులు 200. ఇద్దరిలో ఒకరికే పని, కాబట్టి సగటున తలకు 300. ఊళ్లోనూ అంతే గనుక వలస ఆగుతుంది. ఇప్పుడు మరో 50 పనులు పెట్టారు. ఆశ పెరిగి ఇంకో 100 మంది బస్సెక్కుతారు. పనులు 150, మనుషులు 300. పని దొరకనివాళ్లు 100 నుంచి 150 అయ్యారు!

అదే ఊరి కూలి 400 అయితే? కొత్తగా ఒక్క ఫ్యాక్టరీ లేకుండానే 100 పనుల దగ్గర 150 మందే ఉంటారు. ఖాళీగా నిలబడేది 50 మంది.

ఈ లెక్కకూ లోపాలున్నాయి. పాలమూరు నుంచి ముంబై పోయినవాళ్లూ, ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు పోయేవాళ్లూ అందరూ అవకాశాలు బేరీజు వేసుకునే పోయారా? బోరు ఎండింది, అప్పు మీద పడింది, మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చాడు. ఆ సూత్రంలో అప్పుకు చోటే లేదు. 2020 లాక్‌డౌన్‌లో నగరం చేయి వదిలేస్తే వాళ్లు నడిచి వచ్చింది ఊరికే. దేశంలో పనిచేసేవాళ్లలో వ్యవసాయం మీద ఉన్నవాళ్లు 2018-19లో 42.5 శాతం, 2019-20లో 45.6 శాతం అని ప్రభుత్వ సర్వేనే చెప్పింది.

ఇక మన ఇంటి మాట. ఉపాధి పనుల వల్ల కూలీలు దొరకడం లేదని మన సభ్యుల్లోనే గొణుగుడు ఉంది. అది అబద్ధమని మేము అనం. నాట్ల రోజుల్లో మనిషి దొరక్క పడే బాధ మనకు తెలుసు. కానీ కూలి తగ్గించి రైతు బాగుపడిన ఊరు చూపించండి. ఈ ఏడు కూలికి పోయేవాడిలో నిరుటి కౌలు రైతు ఉన్నాడు. రైతు కూలి ఇవ్వలేకపోవడానికి కారణం పంటకు ధర లేకపోవడం. మొత్తం ఖర్చు మీద సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలని మనం అడిగేది అందుకే. ఆ ఖర్చులో కూలి కూడా ఉంది.

కాబట్టి ఈసారి గ్రామసభల్లో గిట్టుబాటు ధర తీర్మానం పెట్టేటప్పుడు కూలి రేటు, పని దినాలు కూడా అదే కాగితం మీద రాయించండి. రైతులూ కూలీలూ కలిసి సంతకాలు పెట్టాలి.