వీథి వెడల్పు ఎవరి కొఱకు?

1953 మొదలు 1956 వఱకు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియై, 1994లో నగరపాలకసంస్థను బడసిన కర్నూలునందు, కొండారెడ్డి బురుజు చెంతనున్న పాతపట్టణపు సందులు నేటికిని ఇఱుకుగానే యున్నవి. కడపలో ఏడురోడ్ల కూడలి రద్దీ చదువరు లెఱిగినదే. ఈ నగరముల వీథులను వెడల్పు చేయవలసినదే. అందు వాదము లేదు. వచ్చిన వెడల్పును ఎట్లు పంచవలెనన్నదే ప్రశ్నము.

నగరసభలు మొట్టమొదట తలచునది, జనులు డివైడరని పిలుచు నడిమిగట్టు. అది ఎదురెదురుగ వచ్చు బండ్లను వేఱుచేయును, మంచిదే. కాని దానిపై పూలమొక్కలు నాటి, వేసవిలో ట్యాంకరుతో నీరు పోయుట యేపాటి వివేకము? కర్నూలుసీమలో ఏడాదివాన సుమారు 670 మిల్లీమీటర్లు మాత్రమే. పైగా నడిమిగట్టుపై చెట్టు బండ్లకు నీడనిచ్చును గాని, ఏప్రిలు ఎండలో పుస్తకముల సంచి మోసికొని యింటికి బోవు బాలునకు నీయదు. వీథియంచున నున్న వేపను కొట్టివేసి నడుమ గన్నేరు నాటినచో చెట్ల లెక్క సరిపడునేమో, నీడ సరిపడదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 2012లో కాలిబాటకు కనీసము 1.8 మీటర్ల వెడల్పు నిర్ణయించినది. మొదట దానిని కొలిచి విడిచి, అందు అంగళ్ల సరకు చేరకుండ చూచి, మిగిలిన చోటుననే గట్టు కట్టవలెను. బడుల యెదుట గట్టునకు దాటుదారి యుండవలెను. లేకున్న పిల్లలు దానిపైకెక్కి దుముకుదురు. ఇండ్లును దుకాణములును కోల్పోవు వారికి పరిహారము కూల్చుటకు మునుపే చేతికందవలెను.