తోటను కాపాడమన్నాడు దేవుడు

శంషాబాద్ విమానాశ్రయంలో అర్ధరాత్రి వేళ ప్రయాణికులు లోపలికి వెళ్ళే ద్వారం దగ్గర కాసేపు నిలబడితే ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. పై చదువుకో, ఉద్యోగానికో అమెరికా వెళ్ళే పిల్లవాడు ఒక్కడే ఉంటాడు. అతణ్ణి సాగనంపడానికి అమ్మానాన్నలు, అమ్మమ్మ, మేనమామలు, చిన్నాన్నలు, ఇరుగుపొరుగువారు, వారితోపాటు పాస్టరుగారు కూడా వస్తారు. ట్రాలీ చుట్టూ నిలబడి అందరూ తలలు వంచుతారు. ప్రయాణంలోనూ పరాయి దేశంలోనూ దేవుడు బిడ్డను కాపాడాలని ప్రార్థన జరుగుతుంది. విమానాశ్రయం పక్కనే ఉన్న సంఘంలో సేవ చేస్తున్నాం గనుక అలాంటి ప్రార్థనలు మేము ఎన్నో చేశాం.

కొంతకాలం క్రితం మా సంఘస్థుల బంధువులు ఒక అబ్బాయిని పంపడానికి వరంగల్ నుంచి మూడు బండ్లలో వచ్చారు. విమానం ఎక్కేవాడు ఒక్కడు, వెంట వచ్చినవారు పద్దెనిమిది మంది! ప్రార్థన ముగించి ఇల్లు చేరాక మేము చిన్న లెక్క వేసుకున్నాం. రానూపోనూ మూడు వందల కిలోమీటర్లు అనుకున్నా, మూడు బండ్లకూ కలిపి దాదాపు 75 లీటర్ల డీజిల్ ఖర్చవుతుంది. లీటరు డీజిల్ కాలితే రెండున్నర కిలోలకు మించి కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంటే ఆ ఒక్క రాత్రి సుమారు 200 కిలోలు! ఆ బిడ్డను కాపాడమని దేవుణ్ణి వేడుకున్న మాకు, అతడు పీల్చే గాలి గురించిన ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

ఆదికాండం 2వ అధ్యాయం 15వ వచనం చూడండి. ఏదెను తోటను సేద్యపరచడానికీ కాయడానికీ దేవుడు మనిషిని అందులో ఉంచాడు. కాయడం అనే అర్థంలో అక్కడున్న హెబ్రీ మాట 'షామర్'. సంఖ్యాకాండం 6వ అధ్యాయంలో యాజకుడు ప్రజలను దీవిస్తూ దేవుడు వారిని కాపాడాలని పలికే చోట కూడా ఇదే మాట ఉంది. దేవుడు మనలను ఎలా కాపాడాలని కోరుకుంటామో, మనం భూమిని అలాగే కాపాడాలి. దీవెన కోసం చేతులు చాచి, ఇచ్చిన పనిని మాత్రం పక్కన పెట్టడం భక్తి అనిపించుకోదు.

భూమి వేడెక్కడం ఎక్కడో మంచుఖండాల సంగతి అనుకునే రోజులు పోయాయి. 2015 వేసవిలో వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఎండలో పనికి పోక తప్పనివారు, వృద్ధులు, పేదలు. 2020 అక్టోబరులో కురిసిన కుండపోతకు బేగంపేటలో ఒక్క రోజులోనే 19 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మా పక్కనే గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు కట్ట తెగి బెంగళూరు హైవే మీదుగా నీరు పోటెత్తింది. వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. చెరువును ఆక్రమించిన మనుషుల పాపం అందులో ఉంది. దానికి తోడు ప్రకృతి నియమం ఒకటుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. ఆ తేమంతా ఒక్కసారిగా కురిస్తే ఏ చెరువు ఆపగలదు? పారిశ్రామిక యుగానికి ముందటి సగటుకంటే భూమి వేడి 1.5 డిగ్రీలు మించిన మొదటి సంవత్సరం 2024 అని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది.

ఈ విషయం మీద ఒక ఆదివారం వాక్యం చెప్పినప్పుడు, విమానాశ్రయంలో పనిచేసే ఒక యువకుడు ఆరాధన తర్వాత వచ్చి అడిగాడు. "అయ్యగారూ, రోజూ నా కళ్ళ ముందే వందల విమానాలు లేస్తున్నాయి. నేను ఇంట్లో ఒక్క ఫ్యాను ఆపితే ఏమవుతుంది?" న్యాయమైన ప్రశ్న. 2008 మార్చిలో ప్రారంభమైన ఈ విమానాశ్రయం గుండా 2023-24లో సుమారు రెండున్నర కోట్లమంది ప్రయాణించారు. వారిలో మన పిల్లలూ ఉన్నారు. దీనివల్ల మా సంఘంలో ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది. కాబట్టి విమానాలను తిట్టి చేతులు కడుక్కోవడం మాకు తగదు. ఒక్క ఫ్యానుతో లోకం చల్లబడదన్నదీ నిజమే. పెద్ద మార్పులు ప్రభుత్వాలూ కంపెనీలూ చేయాల్సిందే. విమానాశ్రయం కూడా 10 మెగావాట్ల సౌర విద్యుత్తును సొంతంగా తయారు చేసుకునే ఏర్పాటు చేసుకుంది. అయితే తన ఇంట్లో ఏమీ మార్చుకోనివాడు పెద్దలను నిలదీస్తే ఆ మాటకు బలమెక్కడిది? కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడని ప్రభువు లూకా సువార్త 16వ అధ్యాయంలో బోధించాడు. ఆ కొంచెం మన చేతిలో ఉంది.

మరో అభ్యంతరం మన విశ్వాసుల్లోనే వినిపిస్తుంది. 'ఎలాగూ ఈ లోకం కాలిపోయేదే కదా, దీన్ని బాగుచేయడమెందుకు?' అంటారు. 2 పేతురు 3వ అధ్యాయాన్ని చూపిస్తారు. ఆ అధ్యాయం 10వ వచనంలో భూమీ దానిమీది కృత్యాలూ కాలిపోతాయని మనం చదువుకునే చోట, అతి ప్రాచీనమైన కొన్ని గ్రీకు ప్రతుల్లో అవి బయటపడతాయనే అర్థమిచ్చే మాట ఉంది. అంటే మనం చేసిందంతా ఆయన ఎదుట లెక్కకు వస్తుంది. భూమిని నాశనం చేసేవారికి తీర్పు ఉందని ప్రకటన 11వ అధ్యాయం 18వ వచనం హెచ్చరిస్తోంది. ఇంటి యజమాని వస్తున్నాడని తెలిసిన అద్దెదారు గోడలు పగలగొడతాడా, ఇల్లు ఊడ్చి పెడతాడా?

మరి మనం ఏం చేయగలం? మందిరం నుంచే మొదలుపెడదాం. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటే, కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. ఇరవై ఫ్యాన్లున్న మందిరంలో వారానికి పది గంటలు తిరిగినా ఏడాదికి దాదాపు 470 యూనిట్లు మిగులుతాయి. మన దేశంలో యూనిట్ కరెంటు వెనుక సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంది గనుక 300 కిలోలకు పైగా తగ్గుతుంది. ఇళ్ళలో ఏసీ ఉన్నవారు 24 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే చాలు. ఒక్కో డిగ్రీ పెంచినప్పుడు సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుంది.

ప్రేమవిందు సంగతీ ఆలోచించాలి. క్రిస్మస్ రోజున, పెళ్ళి రోజున ఎంత అన్నం ఆకుల్లో మిగిలి చెత్తబండి ఎక్కుతోందో వంటవారిని అడగండి. గాలి ఆడని చెత్తగుట్టలో కుళ్ళిన అన్నం మీథేన్ వాయువవుతుంది. వందేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా వేడిని పెంచుతుంది. అయిదు వేలమందికి అద్భుతంగా ఆహారం పెట్టిన ప్రభువే, ఏదీ వృథా కాకుండా మిగిలిన ముక్కలు పోగుచేయమని శిష్యులను ఆజ్ఞాపించాడు. అద్భుతాలు చేయగలవాడే వృథాను సహించలేదు! తలల లెక్క చూసుకుని వండుదాం, మిగిలింది వేడిగా ఉండగానే పంచుదాం, తొక్కలూ ఎంగిలీ మందిరం ఆవరణలోనే గుంట తీసి ఎరువు చేద్దాం. ఆవరణంతా సిమెంటు చేయకుండా నాలుగు వేపచెట్లకు, వాన నీటి ఇంకుడు గుంటకు చోటు వదులుదాం.

ప్రయాణాల్లోనూ అంతే. విమానాశ్రయానికి ఆర్టీసీ బస్సులున్నాయి. 2019 నుంచి వాటిలో ఎలక్ట్రిక్ బస్సులూ తిరుగుతున్నాయి. 2023లో ఎంఎంటీఎస్ రైలు ఫలక్‌నుమా దాటి ఉందానగర్ వరకు వచ్చింది. ఆదివారం ఒకే వీధి నుంచి నాలుగు కార్లలో నలుగురు మందిరానికి రావడం కన్నా ఒకే కారులో నలుగురు రావడంలో సహవాసం కూడా ఉంది.

ఇక సాగనంపే ప్రార్థన. ఇప్పుడు మేము ఆ ప్రార్థనను ముందురోజు సాయంత్రం ఇంట్లోనే జరుపుతున్నాం. ఊళ్ళోని వారంతా అక్కడికే వస్తారు. తొందర లేదు, ట్రాలీల రద్దీ లేదు. మర్నాడు కన్నవాళ్ళు మాత్రం ఒక్క బండిలో వెళ్తారు. మొదటిసారి అలా నిర్ణయించినప్పుడు ఒక అమ్మమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. "నేను గూడ పోత అయ్యగారూ, మళ్ళ ఎప్పుడు చూస్తనో" అంది. ఆమెకు ఆ ఒక్క బండిలో ముందు సీటు ఇచ్చాం. ప్రేమను తగ్గించుకోమని దేవుడు ఎవరికీ చెప్పడు. ప్రేమ పేరిట చేసే వృథానే మనం తగ్గించుకోవాలి.

ఆ మనుమడు తిరిగి వచ్చే నాటికి ఈ నేల అతనికి నీడా నీళ్ళూ ఇచ్చేలా ఉండాలి. అతణ్ణి కాపాడమని దేవుణ్ణి అడిగాం. అతని తోటను కాపాడే పని దేవుడు మనకు అప్పగించాడు. ఆయన తన మాట తప్పేవాడు కాడు. మనం తప్పకుండా ఉంటే చాలు!