కుక్కర్ పిడిలో విరిగిన స్క్రూ



కుక్కర్ పిడి కాస్త ఊగుతుంటే మనం ఏం చేస్తాం? "ఆయన వచ్చాక బిగిస్తార్లే" అనుకుని ఊరుకుంటాం. నేనూ అలాగే ఊరుకున్నాను. చివరికి ఒకరోజు నేనే స్క్రూడ్రైవరు పట్టుకుని, తుప్పుపట్టిన స్క్రూని బలమంతా పెట్టి తిప్పాను. తల టక్కున విరిగి చేతిలోకి వచ్చింది. మొండెం లోపలే ఉండిపోయింది!

రెండో స్క్రూ ఉంది కదా అని పదిహేను రోజులు అలాగే నెట్టుకొచ్చాను. ఓ మధ్యాహ్నం పప్పు ఉడికిన గిన్నె దించుతుంటే పిడి పక్కకి తిరిగిపోయింది. వేడి పప్పంతా నేలపాలు. మంచినీళ్లకని వచ్చిన మా చిన్నవాడి కాలికి జానెడు దూరంలో పడింది. సాయంత్రం దాకా నా చేతుల వణుకు తగ్గలేదు.

ఆ రాత్రే పని మొదలుపెట్టాను. మీకూ ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

ముందు గిన్నె చల్లారనిచ్చి, మిగిలిన స్క్రూ విప్పి పిడి తీసేయండి. పాత టూత్ బ్రష్‌తో తుప్పు రుద్ది, విరిగిన ముక్క చుట్టూ రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేయండి. వంటనూనె వద్దు, అది ఎండి జిగురవుతుంది. చిన్న సుత్తితో ముక్క మీద మెల్లగా నాలుగు దెబ్బలు వేసి రాత్రంతా వదిలేయండి. తొందరపడితే లాభం లేదు, నూనె లోపలికి దిగాలి.

మర్నాడు ముక్క కొంచెం బయటికి ఉంటే కటింగ్ ప్లేయరుతో గట్టిగా పట్టుకుని ఎడమవైపుకి, అంటే గడియారం ముల్లు తిరిగేదానికి వ్యతిరేకంగా, తిప్పండి. పట్టు జారుతుంటే రంపం బ్లేడుతో ముక్క తల మీద చిన్న గాడి కోయండి. అందులో స్క్రూడ్రైవరు ఆనించి తిప్పవచ్చు. ఒక్కొక్కప్పుడు ముక్క కొస వెనకవైపు కనబడుతుంది. అప్పుడు అటునుంచే లాగవచ్చు. ఏ వైపునుంచి తీసినా, మీకు ఎదురుగా పెట్టుకుని ఎడమవైపుకే తిప్పాలి. ఇది గుర్తుంచుకుంటే చాలు. కదలకపోతే మళ్లీ నూనె వేసి ఆగండి. నాకు రెండు రాత్రులు పట్టింది.

ముక్క పూర్తిగా లోపలే ఉండి కదలనంటే మాత్రం లేత్ షాపుకి పంపండి. వాళ్లు ముక్క మధ్యలో సన్నని రంధ్రం వేసి, ఎదురు మరలున్న పనిముట్టు దిగేసి తిప్పుతారు. తిప్పినకొద్దీ అది ముక్కని పట్టుకుని బయటికి తెస్తుంది. ఇంట్లో డ్రిల్లు పెట్టి కుక్కర్ గిన్నెకి చిల్లు పడనివ్వకండి. స్క్రూ వదులవుతుందని ఖాళీ గిన్నెని పొయ్యి మీద కాల్చకండి. అల్యూమినియం గిన్నె వంకర పోతుంది, మూత సరిగా పట్టదు.

కొత్త స్క్రూ కొనేటప్పుడు పాతదాని ముక్కలు రెండూ పట్టుకెళ్లండి. లావు, పొడవు రెండూ సరిపోవాలి. ముందు వేళ్లతోనే తిప్పి, చివర్లో స్క్రూడ్రైవరుతో బిగించండి. పిడి కదలకుండా నిలిచిందా, అక్కడితో ఆపండి. ఇంకాస్త, ఇంకాస్త అంటేనే తల విరుగుతుంది! నూనె మరక పోయేలా సబ్బుతో కడిగి, పిడి సందుల్లో తడి లేకుండా తుడవండి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఈ పూట మీ కుక్కర్ పిడి ఒకసారి కదిపి చూడండి. ఊగుతోందా? అది బాగయ్యేదాకా పప్పు మామూలు గిన్నెలోనే ఉడకనివ్వండి. గంట ఆలస్యమైతే అయింది!